స్టెల్త్ విమానాన్ని 'అదృశ్య విమానం' అనవచ్చా?

ప్రశ్న: స్టెల్త్ యుద్ధవిమానాన్ని ఒకరు 'అదృశ్య విమానం' అంటున్నారు, మరొకరు 'రహస్య విమానం' అంటున్నారు. ఒక అనువాదంలో వాడాలి, ఏది నయం? ఇంకో సందేహం కూడా ఉంది. నిజంగా అంత కనిపించనిదే అయితే మిగతా రకాల విమానాలు ఇంకా ఎందుకు తయారు చేస్తున్నట్టు?

జవాబు: రెండూ వద్దండీ. 'రహస్య' అంటే ఉనికినే దాచిపెట్టినది. అమెరికా తొలి స్టెల్త్ యుద్ధవిమానం ఎఫ్-117 కొంతకాలం అలాగే ఉంది. 1981లోనే ఎగిరినా 1988 దాకా అమెరికా దాని సంగతి ఒప్పుకోలేదు. ఆ తర్వాత రహస్యం పోయింది, స్టెల్త్ మాత్రం పోలేదు. 'అదృశ్య' ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. స్టెల్త్ విమానం తప్పించుకునేది రాడార్ నుంచి. మామూలు కంటికి అది చక్కగా కనిపిస్తుంది. అందుకే ఎఫ్-117కి నల్లరంగు వేసి రాత్రిళ్లు పంపేవారు.

నా ఓటు 'రాడార్ కళ్లుగప్పే విమానం' అన్నదానికి. కళ్లుగప్పడం అనగానే ఎవరి కళ్లు, ఎంతసేపు అన్న ప్రశ్నలు వస్తాయి. పోలీసుల కళ్లుగప్పి పారిపోయినవాడు మాయమైపోలేదు, తర్వాతి మలుపులో దొరికినా దొరకవచ్చు. స్టెల్త్ విలువ తూచాలంటే అడగాల్సినవీ ఆ రెండే.

ఎంతసేపు అన్నది ముందు చూద్దాం. విమానం ఆకారం రాడార్ తరంగాన్ని పక్కలకు మళ్లిస్తుంది, పైపూత కొంత పీల్చేసుకుంటుంది. తిరిగి వెళ్లే ప్రతిధ్వని పదివేలో వంతుకు పడిపోయినా, రాడార్ పసిగట్టే దూరం పదో వంతుకే తగ్గుతుంది. అంటే 400 కిలోమీటర్ల దూరంలో దొరకాల్సింది 40 కిలోమీటర్లలో దొరుకుతుంది. సున్నా ఎప్పటికీ కాదు.

మరొకరు: అయినా అది తక్కువ లాభమా? రాడార్ల పరిధులన్నీ కుంచించుకుపోతే మధ్యలో సందులు తెరుచుకుంటాయి, వాటిలోంచి దారి దొరుకుతుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో గట్టి కాపలా ఉన్న బాగ్దాద్ మీదికి ఎఫ్-117లు వెళ్లాయి. ఆ యుద్ధంలో ఒక్కటీ కూలలేదు.

జవాబు: నిజమే, అది చిన్న లాభం కాదు. కానీ 'ఎవరి కళ్లు' అన్నది చూడండి. 1999 మార్చి 27న, నాటో బాంబుదాడులు చేస్తున్నప్పుడు, సెర్బియాలో అదే రకం ఎఫ్-117ని సోవియట్ కాలపు ఎస్-125 క్షిపణితో కూల్చేశారు. మీటర్ల పొడవుండే తరంగాలతో పనిచేసే పాత పి-18 రాడార్ సెర్బులకు పనికొచ్చింది. తరంగం పొడవు తోకా రెక్కల కొలతలకు దగ్గరగా వచ్చేసరికి ఆకారం చేసే మాయ చాలావరకు పోతుంది. అలాంటి రాడార్ చూపు మసక. విమానం ఏ దిక్కున ఉందో చెబుతుంది గానీ, క్షిపణిని గురిగా నడిపించేంత కచ్చితంగా చెప్పలేదు. అందుకని గురిపెట్టడానికి వేరే రాడార్ కావాలి. శత్రువు దాన్ని కనిపెట్టి కొట్టకుండా సెర్బులు కొద్ది సెకన్లే వేసి ఆపేసేవారు. విమానాలు ఒకే దారుల్లో మళ్లీ మళ్లీ రావడమూ వాళ్లకు కలిసొచ్చింది. ఇక వేడిని పసిగట్టే పరికరాలకు రాడార్ పూతతో నిమిత్తమే లేదు.

మీ రెండో సందేహానికి నా అభిప్రాయం ఇది: శత్రువు గగనతల రక్షణ చెక్కుచెదరకుండా ఉన్న తొలిరోజుల్లో స్టెల్త్‌కు సాటి లేదు. ఆ రక్షణ కూలాక అదే బాంబును మామూలు విమానం చాలా చౌకగా మోస్తుంది. అమెరికా స్టెల్త్ బాంబర్లు బి-2లు తయారైనవి 21. పరిశోధన ఖర్చుతో కలిపి ఒక్కోటి సుమారు 200 కోట్ల డాలర్లు. ఒక్కటి పోయినా పూడ్చుకోలేని లోటు. 2025 జూన్‌లో ఇరాన్‌లోని ఫోర్దో అణుకేంద్రం మీదికి బి-2లను పంపినప్పుడు కూడా ముందు ఫైటర్లు నడిచాయి. ఉక్రెయిన్‌లో చూస్తే, ఇరువైపులా గగనతల రక్షణ బతికే ఉండటంతో విమానాలు దూరం నుంచే ఆయుధాలు వదులుతున్నాయి, లోపలికి చొచ్చుకెళ్లే పని చాలావరకు డ్రోన్లు, క్షిపణులు చేస్తున్నాయి. కాబట్టి కొన్ని స్టెల్త్ విమానాలు కావాల్సిందే, దళమంతా అవే అయితే డబ్బు దండగ.

ప్రశ్న అడిగినవారు: 'కళ్లుగప్పే' బాగుందండీ, కానీ హెడ్డింగ్‌లో పట్టదు. పైగా నా దగ్గరున్న వాక్యంలో, రెక్కల కింద బాంబులు తగిలిస్తే ఎఫ్-35 స్టెల్త్ పోతుందని ఉంది. అక్కడెలా?

జవాబు: హెడ్డింగ్‌లో 'స్టెల్త్' అనే ఉంచేయండి, అందరికీ తెలిసిన మాటే. ఆ వాక్యాన్ని 'ఆయుధాలు పొట్టలో దాచుకున్నంతవరకే ఎఫ్-35 రాడార్ కళ్లుగప్పగలదు, రెక్కల కింద తగిలిస్తే దూరం నుంచే దొరికిపోతుంది' అని రాయండి.