అప్‌డేట్: షికాగో పాత టెర్రకోటా బిల్డింగ్‌లో కాండో, కాగితాలన్నీ చూశాక

డౌన్‌టౌన్‌లో 1910ల నాటి, ల్యాండ్‌మార్క్ హోదా (చారిత్రక కట్టడంగా రక్షణ) ఉన్న బిల్డింగ్‌లో కాండో (సొంత ఫ్లాట్) కొనొచ్చా అని అడిగాను కదా, తేలినవి ఇవి.

ఇల్లినాయ్ కాండో చట్టంలోని 22.1 సెక్షన్ కింద అమ్మేవాళ్లు ఇవ్వాల్సిన కాగితాల్లో రిజర్వ్ నిల్వ (పెద్ద రిపేర్లకు దాచిన ఉమ్మడి సొమ్ము), కోర్టు కేసులు, ఈ ఏడాదీ ఆపై రెండేళ్లలోనూ రాబోయే పెద్ద ఖర్చులూ ఉండాలి. ఖర్చుల దగ్గర "ఏమీ లేవు" అని రాశారు. ఓనర్ల అసోసియేషన్ బోర్డు మినిట్స్ (మీటింగ్ నోట్స్) అడిగి తెప్పిస్తే, ముఖభాగం రిపేర్‌కు 12 లక్షల డాలర్ల అంచనా బయటపడింది! ఈ యూనిట్ వాటా 0.85 శాతం, అంటే 10,200 డాలర్లు. మినిట్స్ చూడకుండా సంతకం పెట్టకండి.

ఖర్చు ఎందుకంటే, ముఖభాగం మీది టెర్రకోటా (కాల్చిన మట్టి) పలకల్ని పట్టి ఉంచేవి లోపలి ఇనుప కొక్కేలు. జాయింట్లలోంచి నీరు దిగితే అవి తుప్పుపట్టి ఉబ్బుతాయి, పలక పగులుతుంది. జాయింట్లను సున్నపు మోర్టార్‌తో కాకుండా సీలెంట్‌తో మూసేస్తే నీరు లోపలే చిక్కుకుని ఇంకా చేటు. 80 అడుగులు, అంతకుమించిన బిల్డింగులకు ముఖభాగం తనిఖీ సిటీ తప్పనిసరి చేసింది. తాజా రిపోర్టు అడగండి.

కిటికీలు మార్చాలంటే అసోసియేషన్‌తో పాటు సిటీ ల్యాండ్‌మార్క్స్ కమిషన్ ఆమోదమూ కావాలి. లోపలి కిచెన్‌కు సాధారణంగా ఆ గొడవ లేదు.

కాండో ఓనర్లు తీసుకునే హెచ్‌ఓ-6 ఇన్సూరెన్స్‌లో లాస్ అసెస్‌మెంట్ కవర్ (ఉమ్మడి నష్టంలో మన వాటాకు) ఉన్నా, తుప్పు లాంటి అరుగుదలకు వర్తించదు. అందుకే ఆ 10,200 అమ్మేవాళ్లే కట్టాలని అటార్నీ రివ్యూ గడువు (లాయర్ ఒప్పందం చూసి మార్పులు కోరే సమయం) లోపే లేఖ వెళ్లింది. జవాబు రావాలి.