‘దాపల’ అంటే ఎడమ పక్కనా, దగ్గరనా?

ప్రశ్న:
మా సినిమా కోర్సులో రెండు నిమిషాల థ్రిల్లర్ ప్రారంభ సన్నివేశం తీయాలి. అందుకోసం 1960 నాటి ‘సైకో’ ప్రారంభాన్ని విశ్లేషిస్తున్నాను. ముందు ఫీనిక్స్ నగరం విస్తారంగా కనిపిస్తుంది, తేదీ, సమయం తెరపై పడతాయి, ఆపైన కెమెరా అంచెలంచెలుగా దగ్గరై, ఒక హోటల్ కిటికీ తెర కిందుగా గదిలోకి ప్రవేశిస్తుంది. చూసిన ప్రతిసారీ గజేంద్రమోక్షంలోని పోతన పద్యం ‘అల వైకుంఠపురంబులో’ గుర్తుకు వస్తోంది. ‘ఆ మూల సౌధంబు’ తరువాత ‘దాపున’ అని నాకు జ్ఞాపకం, మా అమ్మ ‘దాపల’ అంటున్నారు. మా షాట్‌ను ఈ పద్యం నడకలోనే తీయదలచాను కనుక, కెమెరా ఎటు తిరగాలో తెలియాలి.

జవాబు:
అమ్మగారి మాటే సరైనది. ‘అల’లోని లకారం ప్రాసస్థానంలో, అంటే ప్రతి పాదంలోనూ ఒకేలా ఉండాల్సిన రెండో అక్షరం చోట ఉంది కనుక రెండో పాదం ‘పల మందార’ అనే మొదలు కావాలి, ‘దాపున’ అంటే ప్రాస చెడుతుంది. ఇక అర్థం ఎడమ పక్క అనే. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. కెమెరాను నిస్సందేహంగా ఎడమకు తిప్పండి.

జవాబు:
అంత నిస్సందేహం కాదండీ. ప్రాస నిర్బంధం ఉన్నచోట ‘దాపు’ అనే అర్థంలోనే ఆ రూపం పడి ఉండవచ్చు. మందారవనం సౌధానికి ఎడమనుందని చెప్పడం వల్ల కథకు ఒరిగేదేమీ లేదు, చేరువనుందంటే మాత్రం చూపు లోపలికి సాగుతుంది. అసలు ‘మూల’ తెలుగు మూలా, ప్రధానమనే సంస్కృత పదమా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

జవాబు:
ప్రాసాక్షరాన్ని ఎంచుకున్నది కవే కదా, దాన్ని నిర్బంధమనలేము. నాగలి పట్టిన కవిగా సంప్రదాయం చెప్పుకునే పోతన, కాడి మాటను వట్టి పూరణకు వాడాడంటే నేను ఒప్పుకోలేను. అరక వెనుక నడిచేవాడికి దాపల ఎప్పుడూ తన ఎడమే, అంటే ఇక్కడ చూసేవాడు నిలబడి లేడు, లోపలికి నడుస్తున్నాడు. మరొకటి గమనించండి. ‘దా–పల’, ‘ఉపలో–త్పల’, ‘వి–హ్వల’ అని మూడు పాదాంతాల్లోనూ మాట విరిగి తరువాతి పాదంలోకి జారుతుంది, కన్ను ఆగడానికి చోటే లేదు. ‘సైకో’లో నగరం షాట్లను డిజాల్వులతో, అంటే ఒక దృశ్యం కరిగి మరొకటిగా మారేలా అతికారు, ఈ పద్యంలో అతుకే లేదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఒకే టేకులో తీయాలన్నమాట. 1958 నాటి ‘టచ్ ఆఫ్ ఈవిల్’ కూడా మూడు నిమిషాలకు పైగా ఒకే షాట్‌తో మొదలవుతుంది, కానీ అక్కడ బాంబును మొదటే చూపిస్తారు.

జవాబు:
పోతన కూడా అంతే చేశాడు. మకరి పట్టు మనం ముందే చూశాం, ఆ సంగతి సరస్సు ఒడ్డున వినోదిస్తున్న స్వామికి ‘పాహి పాహి’ వినబడ్డాక గాని తెలియదు. వైకుంఠంలోని ఆ ప్రశాంతతే మనల్ని కలవరపెడుతుంది. నాలుగో పాదం దాకా ధ్వని అనేది లేదు, మీ సన్నివేశంలో కూడా అరుపును అంతవరకూ ఆపండి.

జవాబు:
ధ్వని గురించి చెప్పింది బాగుంది. ‘దాపల’ మాత్రం చేరువే.