నాన్నకు ఎన్‌పీహెచ్ కావచ్చంటున్నారు. 76 ఏళ్లకు షంట్ వేయించవచ్చా?

మల్లెతీగ (ప్రశ్న)

మా నాన్నకు 76. ఏడాదిన్నరగా ఆయన నడక మారిపోయింది. పాదాలకు జిగురు పూసినట్టు నేల మీద ఈడుస్తూ నడుస్తారు. గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోతారు. వెనక్కి తిరగాలంటే ఉన్నచోటే ఎనిమిది, తొమ్మిది అడుగులు పడతాయి. చేతులు మాత్రం వణకవు, నడిచేటప్పుడు మామూలుగానే ఊగుతాయి. మొదట పార్కిన్సన్స్ అన్నారు. ఎనిమిది నెలలు దానికిచ్చే లివోడోపా మందు వాడినా రవ్వంత మార్పు లేదు. ఈలోగా ఒంటికి వస్తే బాత్రూమ్ దాకా ఆపుకోలేకపోవడం మొదలైంది. ఆ సంగతి ఆరు నెలలు అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. వయసు మీద పడింది కదా అని అమ్మ కూడా ఊరుకుంది.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది మూడోది. నాన్న నా చిన్నప్పటి నుంచి రోజూ ఇంటి లెక్కలు ఒక నోట్‌బుక్‌లో రాసేవారు. ఇప్పుడు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోతారు. ఏదైనా అడిగితే సరైన జవాబే చెబుతారు, కానీ చాలాసేపటికి.

పోయిన నెల ఇంకో న్యూరాలజిస్ట్ ఎంఆర్ఐ చూసి, మెదడు లోపల నీరుండే గదులు పెద్దవయ్యాయని, ఇది నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్ (ఎన్‌పీహెచ్) కావచ్చని అన్నారు. వచ్చే వారం వెన్నులోంచి కొంత నీరు తీసి చూస్తారట. నడక బాగుపడితే షంట్ ఆపరేషన్, అంటే తలలో ఎక్కువైన నీరు బయటికి పోయేలా లోపల సన్నని గొట్టం అమర్చడం. ఈ వయసులో తలకు ఆపరేషన్ ఏమిటని అన్నయ్య ససేమిరా అంటున్నాడు. మీలో ఎవరింట్లోనైనా ఇది జరిగిందా? నాన్న మళ్లీ ఆ లెక్కలు రాస్తారా? ఉన్నదున్నట్టు చెప్పండి.

పాతరేడియో

అమ్మా, మా ఇంట్లో జరగడం కాదు, నాకే జరిగింది. నాకు 74 ఏళ్లు. షంట్ వేసి రెండేళ్ల మూడు నెలలైంది. మీ నాన్నగారి నడక గురించి చదువుతుంటే నా గురించే రాసినట్టుంది.

ముందు ఒక మాట. ఆయనను "కాలు ఎత్తి నడువు నాన్నా" అనకండి. మా వాళ్లు రోజుకు పదిసార్లు అనేవాళ్లు. ఎత్తాలనే నేనూ అనుకుంటాను, కాలు మాత్రం నేలను వదలదు. కాళ్లలో బలం లేక కాదు. పడుకుని సైకిల్ తొక్కినట్టు తొక్కమంటే బ్రహ్మాండంగా తొక్కేవాణ్ని. నిలబడితే మాట వినేవి కావు. బద్ధకమనుకుంటారేమోనని సిగ్గుపడి, బయటికి వెళ్లడమే మానేశాను.

మా సర్జన్ బొమ్మ గీసి చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. మెదడులో రోజుకు దాదాపు అర లీటరు నీరు తయారవుతుంది. ఏ క్షణంలో చూసినా లోపల ఉండేది 150 మిల్లీలీటర్ల చిల్లర. మిగతాది ఎప్పటికప్పుడు రక్తంలోకి ఇంకిపోవాలి. ఆ ఇంకడం సరిగా జరగకపోతే గదులు ఉబ్బుతాయి. ఉబ్బిన గదుల పక్కనుంచే కాళ్లకూ మూత్రాశయానికీ వెళ్లే నరాల దారులున్నాయట, అందుకే ఆ రెండూ దెబ్బతింటాయి. విచిత్రమేమిటంటే వెన్నులో సూది పెట్టి కొలిస్తే ప్రెషర్ మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ఆ పేరు. కొలంబియాకు చెందిన సలోమోన్ హకీమ్ అనే డాక్టర్ 1965లో దీన్ని లోకానికి తెలియజేశారు. అంతకుముందు ఇలాంటివాళ్లను నయం కాని మతిమరుపు కింద జమకట్టి వదిలేసేవాళ్లు. ఇప్పటికీ చాలామంది విషయంలో జరుగుతున్నది అదే, నా బాధ కూడా అదే. నాకు మొదట మోకాళ్ల అరుగుదల అన్నారు, తర్వాత ప్రోస్టేట్ అన్నారు. నడకనూ మూత్రాన్నీ కలిపి చూసినవాళ్లు లేక రెండేళ్లు పోయాయి.

నాకు 40 మిల్లీలీటర్లు తీశారు. దానికి ముందు పది మీటర్లు నడవడానికి 34 సెకన్లు పట్టింది. మూడు గంటల తర్వాత 21. మా ఆవిడ కారిడార్‌లోనే ఏడ్చేసింది.

ఇక నోట్‌బుక్ సంగతి. నిజం చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. నడక తిరిగి వచ్చినంతగా బుర్ర రాలేదు. మాట త్వరగా అందుతోంది, పేపర్ చివరిదాకా చదవగలుగుతున్నాను. మనుషుల పేర్లు ఇప్పటికీ జారిపోతున్నాయి. 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధన గురించి మా అబ్బాయి చదివి వినిపించాడు. 99 మందికీ షంట్ వేసి, సగం మందికి ఆ గొట్టంలో నీటిని అదుపు చేసే వాల్వ్‌ను నీరు పారేలా పెట్టారు, సగం మందికి దాదాపు మూసి ఉంచారు. ఎవరిది ఏదో వాళ్లకు తెలియదు. మూడు నెలలకు నీరు పారినవాళ్ల నడక వేగం సగటున సెకనుకు 23 సెంటీమీటర్లు పెరిగింది, మిగతావాళ్లది 3. పడిపోవడం కూడా తగ్గింది. జ్ఞాపకశక్తి, మూత్రం విషయంలో మాత్రం ఆ మూడు నెలల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తల లోపల రక్తం చేరడం, తలనొప్పులు నీరు పారినవాళ్లలోనే ఎక్కువ. కాబట్టి నడక కోసమైతే ధైర్యంగా ఆశపెట్టుకోండి. లెక్కల పుస్తకం మీద పందెం కట్టకండి.

నిదానంగానడక

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. నీరు తీసే పరీక్ష విలువంతా ముందూ తర్వాతా ఎంత జాగ్రత్తగా కొలుస్తారన్నదాని మీదే ఉంటుంది. ఆసుపత్రిలో కొలుస్తారు, అయినా మీరూ ఫోన్‌లో వీడియో తీసుకోండి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. అదే కుర్చీ, అవే చెప్పులు. తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టండి. పక్కనే ఉండి పడకుండా చూసుకోండి, కానీ చెయ్యి పట్టుకుని నడిపించకండి, "బాగా నడువు" అని ఉత్సాహపరచకండి. పరీక్ష రోజున ఎవరైనా కాస్త ఎక్కువ కష్టపడి నడుస్తారు, దాంతో లెక్క తప్పుతుంది. మార్పు కొందరిలో గంటల్లోనే కనిపిస్తుంది, కొందరిలో మర్నాడు. రెండుసార్లూ తీయండి.

ఒక్కసారి నీరు తీసినప్పుడు మార్పు రాకపోతే జబ్బు లేదని తేలినట్టు కాదు. అలాంటప్పుడు కొన్నిచోట్ల వెన్నులో సన్నని గొట్టం ఉంచి రెండు, మూడు రోజులు నెమ్మదిగా తీసి మళ్లీ చూస్తారు.

గోధూళి

మా అమ్మది వేరే కథ. మీ అన్నయ్య కూడా వింటే మంచిదని రాస్తున్నాను. స్కాన్‌లో గదులు పెద్దవిగానే ఉన్నాయి. కానీ అమ్మకు ముందు పోయింది జ్ఞాపకం. పొద్దున జరిగింది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు, నడక మూడేళ్ల తర్వాత తగ్గింది. నీరు తీశాక ఏ మార్పూ రాలేదు. సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి, ఇది అల్జీమర్స్‌లా ఉంది, మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దవిగా కనిపిస్తాయి, షంట్ వేస్తే నష్టమే ఎక్కువ అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాం. ఏది ముందు మొదలైందో తేదీలతో రాసి తీసుకెళ్లండి. అది చూసే మా డాక్టర్‌కు దారి దొరికింది.

మల్లెతీగ

అందరికీ ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. నిన్న పరీక్ష అయింది. కుర్చీ నుంచి కుర్చీకి ముందు 29 సెకన్లు, సాయంత్రం 23, ఈ రోజు పొద్దున 17. తిరగడానికి తొమ్మిది అడుగులు పట్టేవి, ఇప్పుడు నాలుగు. అన్నయ్య వీడియో మూడుసార్లు చూశాడు, ఏమీ అనలేదు. తర్వాత తనే సర్జన్‌కు ఫోన్ చేసి తేదీ అడిగాడు.

బాబాయ్ గారూ, ఒక్కటి అడగాలి. నాన్న గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారు. ఆపరేషన్ అనగానే తనంతట తనే ఆపేస్తానంటున్నారు. మీరు తలనొప్పుల గురించి కూడా అన్నారు, అది మీకు వచ్చిందా?

పాతరేడియో

17 అని చదివి లేచి నిలబడ్డాను తల్లీ.

ఆస్పిరిన్ తనంతట తను ఆపకూడదు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో సర్జన్, గుండె డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకుని చెప్పాలి. మందుల చీటీ మొత్తం ఈ రోజే ఇచ్చి రండి.

తలనొప్పి వచ్చింది. ఆపరేషన్ అయిన మూడో వారంలో, లేచి కూర్చుంటే మొదలై పడుకుంటే తగ్గేది. ఇంట్లోవాళ్లు కంగారుపడతారని ఐదు రోజులు దాచాను. అది నేను చేసిన పెద్ద తప్పు. నీరు ఎక్కువగా పారిపోతోంది, స్కాన్‌లో మెదడు పైపొర కింద పలుచగా రక్తం చేరింది. అదృష్టం, మళ్లీ కోత అవసరం పడలేదు. చెవి వెనుక చర్మం కింద ఉన్న వాల్వ్‌ను బయటి నుంచే అయస్కాంతం పరికరంతో కాస్త బిగించారు. నెలన్నరకు రక్తం కరిగిపోయింది. మీ నాన్నగారికి రోజూ పొద్దున లేచాక, మళ్లీ సాయంత్రం, "తల ఎలా ఉంది" అని ఎవరో ఒకరు అడగండి. నాలాంటి వాళ్లం అడగకపోతే చెప్పం. జ్వరం వచ్చినా, మత్తుగా పడుకున్నా, నడక మళ్లీ వెనక్కి పోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వాల్వ్ కంపెనీ పేరు, ఎంత ప్రెషర్ మీద పెట్టారో రాసిన కార్డు ఇస్తారు. అది ఆయన జేబులో ఒకటి, నీ ఫోన్‌లో ఫొటో ఒకటి ఉండాలి. కొన్ని రకాల వాల్వ్‌ల సెట్టింగ్ ఎంఆర్ఐ తీస్తే మారిపోతుంది, తీశాక మళ్లీ సరిచూడాలి. ఆపరేషన్ తేదీ చెప్పు తల్లీ. ఆ రోజు మా ఆవిడా నేనూ మీ నాన్నగారి గురించే అనుకుంటూ ఉంటాం.