వేడెక్కితే ఆగిపోతున్న పాత బండి: ముందు ఏది చెక్ చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. పోయినేడాది 150 సీసీ బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 2016 మోడల్, కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది) ఉన్న బండి. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, ఊళ్లో తిరిగినంతసేపూ ఏ తంటా లేదు. చిత్తూరు వైపు బయల్దేరితేనే టెన్షన్. చంద్రగిరి దాటి పాకాల దగ్గర పడేసరికి పికప్ తగ్గిపోయి, కొట్టుకుని కొట్టుకుని ఆగిపోతుంది. కాసేపు నీడలో పెడితే మళ్లీ మామూలే.

ఆగినప్పుడు స్పార్క్ ప్లగ్ విప్పి, ఇంజన్‌కు ఆనించి కిక్ కొట్టి చూశాను. స్పార్క్ సన్నగా, ఎర్రగా వస్తోంది. చల్లారాక అదే ప్లగ్‌లో నీలంగా, గట్టిగా వస్తోంది. ట్యాంకులోకి గాలి ఆడక పెట్రోల్ దిగట్లేదేమోనని మూత తెరిచి చూసినా తేడా లేదు. ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవే. ఒక మెకానిక్ కార్బురేటర్ మొత్తం మార్చాలంటాడు, ఇంకొకాయన వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు) తప్పిందంటాడు. నా అనుమానం మాత్రం ప్లగ్‌కు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ మీద, లేదంటే స్పార్క్ ఎప్పుడు పడాలో సిగ్నల్ ఇచ్చే పికప్ కాయిల్ మీద.

ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడే మల్టీమీటర్‌తో ఈ కాయిళ్ల రెసిస్టెన్స్ చూస్తే విషయం తేలుతుందా? చల్లారాక చూస్తే బాగానే ఉన్నట్టు చూపిస్తుందేమో కదా? ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, దానివల్ల ఇంత పాత బండికి పెట్రోల్ వెళ్లే రబ్బరు పైపులు కూడా మార్చించాలా?

నాన్నను చిత్తూరు ఆసుపత్రికి ఈ బండి మీదే తీసుకెళ్లాలి. ఆయన్ను ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టడం చూడలేకపోతున్నాను. ఇలాంటి సమస్య వచ్చినవాళ్లు ఏది మారిస్తే పోయిందో దయచేసి చెప్పండి. పార్టులు ఊరికే మార్చకుండా, పరీక్షించి చేసే మెకానిక్ తిరుపతిలో ఏ వైపు దొరుకుతారో కూడా చెప్పండి.