మిషిగన్ సీజన్ మొత్తం 394 రావాలి, 408 వస్తోంది. ఎక్సెల్ పిచ్చిదా, నేనా?

బెజవాడబాబు:
మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నాను. మిషిగన్ సీజన్ స్కోర్లన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాను. ఒక్కొక్కటీ మూడేసి సార్లు సరిచూసుకున్నాను, స్కోర్లలో తప్పు లేదని గ్యారంటీ. ఎక్కడ చూసినా మొత్తం 394-53 అని ఉంది. నాకేమో 408-101 వస్తోంది. ఫార్ములా కూడా మామూలుదే. రికార్డులు తప్పా, ఎక్సెల్ తప్పా? వ్యాసం రేపు పంపాలి, దయచేసి చెప్పండి.

లెక్కలమాస్టారు:
ఏ ఆట? ఏ ఏడాది? "మామూలు ఫార్ములా" అంటే ఏది?

పాతపేపరు:
394-53 అంటే మిషిగన్ యూనివర్సిటీ జట్టు ఆడిన 1947 అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ అండి. ఫ్రిట్జ్ క్రైజ్లర్ కోచ్‌గా చేసిన ఆఖరి ఏడాది. పదికి పది గెలిచారు. ఆ మొత్తంలో తప్పేం లేదు.

గోదారిగట్టు:
ముందు ఒక సంగతి తేల్చుకుందాం. వ్యాసంలో ఉత్త "ఫుట్‌బాల్" అని రాస్తే మనవాళ్లు కాలితో తన్నే ఆటే అనుకుంటారు. "గోల్స్" అని మాత్రం పొరపాటున కూడా రాయకండి. టచ్‌డౌన్‌కి, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే 6, దాని తర్వాత బంతిని కర్రల మధ్యనుంచి తన్నితే ఇంకో 1, టచ్‌డౌన్ లేకుండానే అలా తన్నితే ఫీల్డ్ గోల్, దానికి 3, బంతి ఉన్నవాణ్ణి వాడి సొంత గీత వెనకే పడగొడితే సేఫ్టీ, దానికి 2. టచ్‌డౌన్ తర్వాత 2 పాయింట్ల ప్రయత్నం కాలేజీ ఆటలోకి 1958లో గానీ రాలేదు, కాబట్టి 1947 స్కోర్లు విడదీసేటప్పుడు దాన్ని కలపకూడదు. ఇంకా వెనక్కి వెళ్తే మరీ తిరకాసు. 1902 రోజ్ బౌల్‌లో, అంటే సీజన్ అయ్యాక కొత్త సంవత్సరంలో ఆడే ప్రత్యేక మ్యాచ్‌లో, మిషిగన్ స్టాన్‌ఫర్డ్ మీద 49-0. 1948 రోజ్ బౌల్‌లో సదరన్ కాలిఫోర్నియా మీద మళ్లీ అదే 49-0. స్కోరు ఒకటే గానీ లోపలి లెక్క వేరు. 1902లో టచ్‌డౌన్‌కి 5 పాయింట్లే, 6 అయింది 1912లో. 1948లో మాత్రం 7 టచ్‌డౌన్లు, ఏడింటికీ అదనపు పాయింటు. ఏడేళ్లు నలభై తొమ్మిది.

లెక్కలమాస్టారు:
ఆయన అడిగింది అది కాదు.

బెజవాడబాబు:
అవునండీ, 1947 ఫుట్‌బాలే. చెప్పక్కర్లేదనుకున్నా. స్కోర్లు ఒకే కాలమ్‌లో 55-0, 49-13 అని వేశా. మిషిగన్ పాయింట్లకి లెఫ్ట్ 2 (ఎడమ రెండు అక్షరాలు), ప్రత్యర్థి పాయింట్లకి రైట్ 2 (కుడి రెండు), తర్వాత వాటిని సంఖ్యగా మార్చే వాల్యూ, కింద కూడిక. అంతే. సంవత్సరం ఫిల్టర్ 1947 పెట్టాను.

లెక్కలమాస్టారు:
మిన్నెసోటా మ్యాచ్ గడిలో ఏం కనిపిస్తోంది?

బెజవాడబాబు:
13-జూన్. చూడ్డానికే అలా ఉంది, నేను వేసింది 13-6 అండి. అందుకే పట్టించుకోలేదు.

లెక్కలమాస్టారు:
అదే పట్టించుకోవాల్సింది. కంప్యూటర్‌లో తేదీ పద్ధతి మన దేశానిది, అంటే రోజు ముందు, నెల తర్వాత. 13-6 కొడితే జూన్ 13 అనుకుంది. ఇలినాయ్ మ్యాచ్ 14-7ని జూలై 14 అనుకుంది. మిగతావి తేదీలు కావడానికి కుదరదు, 55వ తారీఖు ఉండదు కదా. అందుకే రెండే చెడ్డాయి.

తేదీని ఎక్సెల్ లోపల ఒక వరుస సంఖ్యగా దాచుకుంటుంది. 2025 జూన్ 13 అంటే 45821, జూలై 14 అంటే 45852. లెఫ్ట్ 2 తీస్తే రెండు చోట్లా 45. మీ లెక్క: 55+49+69+49+45+45+35+40+21 = 408. సరిపోయిందా? మీరు ఎక్కించింది 2025లో అని కూడా దీన్నిబట్టే తెలుస్తోంది. 2026లో అయితే 46లు వచ్చి 410 అయ్యేది.

ప్రత్యర్థి వైపు ఇంకో తప్పుంది. రైట్ 2 తీస్తే 40-6లో "-6" వస్తుంది. వాల్యూ దాన్ని మైనస్ 6 చేసేసింది. 55-0లో "-0" వచ్చినా అది సున్నాయే, బయటపడలేదు. స్టాన్‌ఫర్డ్ 13, నార్త్‌వెస్టర్న్ 21, ఆ రెండు తేదీల తోకలు 21, 52, విస్కాన్సిన్‌కి మైనస్ 6. మొత్తం 101.

బెజవాడబాబు:
అమ్మో. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చా, ఇప్పుడు 45821 అని కనిపిస్తోంది. ఇంకా పాడైంది.

లెక్కలమాస్టారు:
పాడవలేదు, ముసుగు తీసింది. టైప్ చేశాక ఫార్మాట్ మారిస్తే పాత స్కోరు తిరిగి రాదు. ఆ రెండూ చెరిపి మళ్లీ కొట్టాలి. అసలు ఒకే గడిలో స్కోరు పెట్టొద్దు. "మిషిగన్" ఒక కాలమ్, "ప్రత్యర్థి" ఇంకో కాలమ్. లెఫ్ట్, రైట్, వాల్యూ మూడింటితోనూ పని ఉండదు.

బెజవాడబాబు:
రెండు కాలమ్స్ చేశా. ఇప్పుడు 345-53. ప్రత్యర్థిది కుదిరింది, మనది 49 తక్కువ!

పాతపేపరు:
ఆ 49 ఫిల్టర్ మింగింది. రోజ్ బౌల్ జరిగింది 1948 జనవరి 1న. మ్యాచ్ తేదీ వేరు, సీజన్ వేరు. "సీజన్" అని ఇంకో కాలమ్ పెట్టి పదింటికీ 1947 వేసి, దాని మీద ఫిల్టర్ పెట్టండి.

ఇంకోటి. మిషిగన్, మిషిగన్ స్టేట్ రెండూ వేరు వేరు కాలేజీలు. ఆ సీజన్ తొలి మ్యాచ్ వాళ్లిద్దరి మధ్యే, 55-0. పేర్లు కలిపేస్తే జట్టు తనతో తనే ఆడినట్టుంటుంది.

గోదారిగట్టు:
క్రైజ్లర్ పేరు రాసి రెండు జట్ల పద్ధతి రాయకపోతే వ్యాసం చప్పగా ఉంటుంది. అప్పటిదాకా అదే పదకొండు మంది దాడీ చేయాలి, అడ్డుకోవడమూ చేయాలి. 1941లో ఆటగాళ్లని ఎప్పుడైనా మార్చుకోవచ్చని నిబంధన సడలించారు. 1945లో ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ) జట్టు మీద క్రైజ్లర్ దాన్ని పట్టుకుని దాడికి ఒక బృందం, రక్షణకి ఒక బృందం దింపాడు. ఆ మ్యాచ్ 28-7తో ఓడిపోయారు గానీ పద్ధతి మాత్రం నిలిచింది. 1953లో మళ్లీ నిబంధన బిగించి దాన్ని ఆపేశారు. యుద్ధం నుంచి కుర్రాళ్లు తిరిగొచ్చి జట్లు కిక్కిరిసిన కాలంలో ఇది ఎలా పనికొచ్చిందో...

లెక్కలమాస్టారు:
షీటు కుదిరిందా లేదా?

బెజవాడబాబు:
కుదిరింది! 394-53. ఆఖరి గడి "జాతీయ స్థానం". ఏపీ పోల్‌లో 2 అని ఉంది. కొన్నిచోట్ల ఛాంపియన్ అనీ ఉంది. ఏం వేయను?

పాతపేపరు:
ఏపీ అంటే అసోసియేటెడ్ ప్రెస్ అని, విలేకరుల ఓట్లతో జట్లకి ర్యాంకులిచ్చే వార్తాసంస్థ అని వ్యాసంలో విప్పి రాయండి, లేకపోతే మనవాళ్లు అమరావతి అనుకుంటారు. ఆ రోజుల్లో ఆఖరి పోల్ రోజ్ బౌల్ లాంటి బౌల్ మ్యాచ్‌లకి ముందే, డిసెంబర్‌లో ముగిసేది. అందులో నోటర్ డామ్ అనే ఇంకో కాలేజీ జట్టు 1, మిషిగన్ 2. రోజ్ బౌల్ తర్వాత ఏపీ వాళ్లు ఈ ఇద్దరి మధ్యే ప్రత్యేకంగా ఓట్లు అడిగారు. మిషిగన్‌కి 226, నోటర్ డామ్‌కి 119, ఇద్దరూ సమానమన్నవాళ్లు 12. కానీ డిసెంబర్ తీర్పుని మార్చలేదు. గడిలో 2 వేసి కింద ఈ మాట రాయండి.

గోదారిగట్టు:
ఒప్పుకోను. ఇద్దరూ కొట్టిన జట్లని పోల్చండి. సదరన్ కాలిఫోర్నియా మీద నోటర్ డామ్ 38-7, మిషిగన్ 49-0. పిట్స్‌బర్గ్ మీద 40-6, 69-0. నార్త్‌వెస్టర్న్ మీద 26-19, 49-21. ఇక స్థానం 2 ఏంటండీ?

పాతపేపరు:
గడి పేరు "ఏపీ స్థానం" అయితే 2. "మీ అభిప్రాయం" అయితే 1 వేసుకోండి. నోటర్ డామ్ అప్పట్లో బౌల్ మ్యాచ్‌లకే వెళ్లేది కాదు, ఆడని మ్యాచ్‌తో వాళ్లని ఎలా కొలుస్తారు?

గోదారిగట్టు:
వెళ్లకపోవడం వాళ్ల నిర్ణయమే కదా. సరే, "ఛాంపియన్"కి తెలుగులో ఏం రాస్తున్నారు? "విజేత" అంటే టోర్నమెంట్ గెలిచినట్టుంటుంది, ఇక్కడేమో టోర్నమెంటే లేదు, ఓట్లు.

పాతపేపరు:
"అగ్రస్థానం".

గోదారిగట్టు:
అది ర్యాంకు అవుతుంది, బిరుదు కాదు.

బెజవాడబాబు:
2 వేసి కింద 226-119 అని రాశా. పంపేశాను. థాంక్సండీ అందరికీ.

గోదారిగట్టు:
పంపేశారా? టచ్‌డౌన్‌కి ఏ మాట వాడారో చెప్పనేలేదు.