చెల్లెలికి వేవిళ్లు, చేతిలో గంజాయి గమ్మీలు: కడుపులో బిడ్డకు ఏమవుతుంది?

పానగల్లు (నల్లగొండ):

మా చెల్లెలు కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటుంది. ఇప్పుడు మూడో నెల. పొద్దున లేచింది మొదలు వాంతులే. అన్నం ఉడికే వాసన గిట్టడం లేదు, ఒక్కోరోజు మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. పనిచేసే చోట ఒకామె జాలిపడి, "నాకూ ఇట్లనే ఉండె, ఇవి తింటే తగ్గింది" అని గంజాయి గమ్మీల (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిల) ప్యాకెట్ చేతిలో పెట్టిందట. అక్కడ 2018 అక్టోబర్ నుంచి గంజాయి చట్టబద్ధం. దుకాణంలో బిల్లు ఇచ్చి అమ్ముతారు.

వీడియో కాల్‌లో ఆ ప్యాకెట్ చూపించింది. మూల మీద ఎర్రటి గుర్తు, అందులో ఆకు బొమ్మ. కింద పసుపు పచ్చని డబ్బాలో గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడొద్దని హెచ్చరిక. "మరి ప్రభుత్వమే అమ్మనిస్తోంది కదక్కా, అంత ప్రమాదమైతే అమ్మనిస్తరా?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. అమ్మకు చెప్పొద్దంది. అమ్మ కాన్పుకు పోవడానికి వీసా కాగితాలు సర్దుకుంటోంది, ఈ మాట వింటే ఆమెకు నిద్ర పట్టదు.

చెల్లెలు ఇంకా తినలేదు. తిట్టకుండా, ఊరికే భయపెట్టకుండా, తెలిసినవాళ్లు చెప్పండి.

ఎడమకాల్వ (మిర్యాలగూడ):

అక్కా, ముందు టెన్షన్ పడకండి. గంజాయి అనగానే మనకు గుర్తొచ్చేది కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర పట్టుబడ్డ కార్లు, పేపర్లో మూటల ఫోటో. ఆ భయంతోనే వైద్యం సంగతి కూడా మాట్లాడతాం. పోలీసు కేసు వేరు, ఆరోగ్యం వేరు.

1994లో 'పీడియాట్రిక్స్' అనే పిల్లల వైద్య పత్రికలో జమైకా అధ్యయనం ఒకటి వచ్చింది. అక్కడి పల్లెల్లో కొందరు ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు గంజాయి టీ తాగుతారు. పుట్టిన మూడో రోజు పరీక్షిస్తే వాడిన తల్లుల బిడ్డలకూ, వాడని తల్లుల బిడ్డలకూ తేడా కనబడలేదు. నెలకు చూస్తే వాడినవాళ్ల పిల్లలే కొన్ని విషయాల్లో మెరుగ్గా ఉన్నారు. మళ్లీ 2016లో అమెరికా ప్రసూతి పత్రికలో 31 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. సిగరెట్ల వంటి మిగతా కారణాలను లెక్కలోకి తీసుకుంటే, తక్కువ బరువుకూ నెలలు నిండని కాన్పుకూ గంజాయే కారణమని గట్టిగా తేలలేదు.

వేవిళ్ల మందు బెండెక్టిన్ సంగతి కూడా తెలుసుకోండి. పిల్లలు అవయవ లోపాలతో పుడుతున్నారని అమెరికాలో కేసుల మీద కేసులు పడితే 1983లో కంపెనీ ఆ మందు అమ్మడం మానేసింది. తర్వాత ఆ మందులో తప్పు లేదని తేలింది, 2013లో మళ్లీ అనుమతి వచ్చింది. మధ్యలో ముప్పై ఏళ్లు ఎందరు ఆడవాళ్లు మందు లేక అల్లాడారో. భయం కూడా హాని చేస్తుంది. మీ చెల్లెల్ని తినమని నేను అనను. కానీ "బిడ్డ పాడవుతుంది" అని ఎవరైనా ఖాయంగా చెప్తే మాత్రం నమ్మకండి.

ఫార్మసిస్టు (హాలియా):

ఎడమకాల్వ అన్న చెప్పిన అధ్యయనాలు ఉన్నవే. కానీ పూర్తిగా చెప్పాలి. జమైకా అధ్యయనంలో గంజాయి వాడిన తల్లుల బిడ్డలు 24 మంది, వాడనివాళ్ల బిడ్డలు 20 మంది. అంతమందిని చూసి లోకానికంతటికీ తీర్పు చెప్పలేం. పైగా ఎక్కువ వాడిన తల్లులకు చదువు, చేతిలో నాలుగు డబ్బులు ఉన్నాయని, బిడ్డలు మెరుగ్గా ఉండటానికి అదే కారణం కావచ్చని ఆ పరిశోధకులే రాశారు. అప్పటి సరుకు, ఇప్పటి సరుకు కూడా ఒకటి కాదు. అమెరికాలో పట్టుబడ్డ గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో సగటున 4 శాతం ఉంటే 2014 నాటికి 12 శాతం దాకా పోయింది.

ఆ టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది, మాయ దాటి బిడ్డకు చేరుతుంది. మన ఒంట్లోనే దానిలాంటి పదార్థాలు కొద్దికొద్దిగా తయారవుతుంటాయి. బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు నాడీకణాలు ఒకదానితో ఒకటి కలుసుకోవడంలో వాటి పని ఉంటుంది. బయటి నుంచి వచ్చిన టీహెచ్‌సీ ఆ పనిలో తలదూరుస్తుంది. డాక్టర్లకున్న అసలు భయం ఇదే. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2017లో గర్భిణులు గంజాయి మానాలని, వైద్యం పేరుతో కూడా వాడొద్దని చెప్పింది ఇందుకే.

అన్న చెప్పిన 2016లోనే ఇంకో సమీక్ష కూడా వచ్చింది. దాంట్లో వాడిన తల్లుల బిడ్డలు సగటున 109 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు, తల్లుల్లో రక్తహీనత ఎక్కువగా కనబడింది.

ఇక బెండెక్టిన్. అది తిరిగి ఎట్లా వచ్చింది? రెండు లక్షల మందికి పైగా గర్భిణుల లెక్కలు చూసి హాని లేదని తేల్చుకున్నాక వచ్చింది. గంజాయికి అట్లాంటి భరోసా ఇచ్చిన అధ్యయనం ఇంతవరకు లేదు. అన్న తెచ్చిన ఉదాహరణే నా వాదనకు బలం. పానగల్లు అక్కా, ఆ మందు కెనడాలో ఎప్పుడూ ఆగలేదు, డైక్లెక్టిన్ పేరుతో దొరుకుతుంది. డాక్సిలమిన్, బి6 విటమిన్ కలిసిన బిళ్ల. మన దగ్గర డాక్సినేట్. దాదాపు రోజూ ఎవరో ఒకరు డాక్టర్ చీటీతో దానికోసం నా కౌంటర్ దగ్గరికి వస్తారు. ఇంత పరీక్షించిన మందు ఉండగా గమ్మీ ఎందుకు?

ఇంకొక సంగతి. గంజాయి చాలాకాలం వాడేవాళ్లలో కొందరికి గంజాయే ఆగని వాంతులు తెప్పిస్తుంది. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు దీన్ని రాసిపెట్టారు. వేడినీళ్ల స్నానం చేస్తే కాసేపు తగ్గినట్టుంటుంది, మళ్లీ మొదలు. గర్భిణికి ఇదొస్తే వేవిళ్లే అనుకుని ఇంకో గమ్మీ తింటుంది.

కోయిల్‌సాగర్ (దేవరకద్ర):

నేను ఆశ వర్కర్ని. మీరంతా అమెరికా, కెనడా మాట్లాడుతున్నారు, నేను మా ఊళ్ల సంగతి చెప్తాను.

కాన్పయిన ఇంటికి 3వ రోజు, 7వ రోజు, అట్లా 42వ రోజు దాకా పోయి బిడ్డ బరువు చూడటం మా పని. బట్ట జోలెలో బిడ్డను పడుకోబెట్టి కాటాకు తగిలిస్తాం. బిడ్డ కాళ్లు కొట్టుకుంటుంటే ముల్లు ఊగుతుంది. ఆగేదాకా ఆ తల్లి, అత్త, ఆడబిడ్డ అందరూ ముల్లునే చూస్తారు. రెండున్నర కిలోల గీత దాటిందంటే ఊపిరి పీల్చుకుంటారు. ఆ గీతకు కింద ఉంటే తక్కువ బరువు బిడ్డ కింద రాస్తాం. చలికి ఆగడు, పాలు గట్టిగా తాగలేడు, జబ్బు తొందరగా పట్టుకుంటుంది.

ఫార్మసిస్టు తమ్ముడు చెప్పిన 109 గ్రాములు చదివి నాకు ఆ ముల్లే కళ్ల ముందుకొచ్చింది. మూడుంపావు కిలోలు ఉండాల్సిన బిడ్డకు వంద గ్రాములు తగ్గితే ఎవరికీ తెలియకపోవచ్చు. మా దగ్గర రక్తం లేని తల్లికి, రెండు కిలోల ఆరు వందలు ఉండాల్సిన బిడ్డకు వంద తగ్గితే గీత మీదికి వస్తాడు. ఇంకొంచెం తగ్గితే కిందికి పోతాడు. సగటు లెక్క చిన్నదే, కానీ ఎవరి కడుపులో తగ్గుతుందో చూడాలి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద రోజూ గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టి బరువు పెంచాలని చూస్తాం. అట్లాంటి తల్లికి ఇది సహజమైన ఆకు, ఏం కాదు అని ఎట్లా చెప్పమంటారు?

మా ఊళ్లలో ఆడవాళ్లు గంజాయి తాగడం నేను చూసింది తక్కువ. మగవాళ్లది చూశాను. పనికి పోయిన చోట అలవాటై వస్తారు. రేకుల గది ఒకటే, పొయ్యి అందులోనే, పడక అందులోనే. కడుపుతో ఉన్న పిల్ల ఆ పొగలోనే పడుకుంటుంది. దుప్పటి పట్టుకున్నా వాసనే. 2024 జనవరిలో షాద్‌నగర్ దగ్గర కొత్తూరులో బడి పిల్లలు గంజాయి చాక్లెట్లు తిన్న సంగతి బయటపడింది. చాక్లెట్ రూపంలో వస్తే అది గంజాయని గర్భిణికి మాత్రం ఎట్లా తెలుస్తుంది?

ఎడమకాల్వ (మిర్యాలగూడ):

ఆశ అక్క చెప్పింది కాదనను. కానీ కల్లు సంగతి ఎవరూ ఎత్తరేం? "చలవ చేస్తుంది" అని కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఇంట్లోవాళ్లే గ్లాసు అందిస్తారు. మద్యంతో బిడ్డ మెదడుకు, ముఖానికి వచ్చే లోపాలను 1973లోనే డాక్టర్లు గుర్తించి పేరు పెట్టారు. దాని మీద అనుమానం లేదు. అది పక్కనబెట్టి అనుమానం ఉన్నదాని మీద ఇంత గోల ఎందుకు? గంజాయి వల్ల ఆటిజం వస్తుందని కూడా వాట్సాప్‌లో తిప్పుతున్నారు. అదీ తేలిన విషయం కాదు.

కోయిల్‌సాగర్ (దేవరకద్ర):

కల్లు గురించి నేను ప్రతి ఇంట్లో మొత్తుకుంటూనే ఉన్నాను తమ్మీ. అందులో మద్యం ఒక్కటే కాదు, మా దిక్కు ఆల్ప్రజోలం, డైజోపాం కలిపి అమ్మిన కేసులు ఎన్ని చూడలేదు! ఆ మత్తుబిళ్లల మందు నెలలు నిండే వేళ తల్లి ఒంట్లో ఉంటే బిడ్డ పీలికలా వేలాడుతూ పుడతాడు, రొమ్ము పట్టడు. కానీ కల్లు చెడ్డదైతే గంజాయి మంచిదైపోదు కదా. రెండూ వద్దనే చెప్తాను.

ఫార్మసిస్టు (హాలియా):

ఆటిజం విషయంలో అన్నతో ఏకీభవిస్తాను. 2020లో కెనడాలోని ఒంటారియో లెక్కల్లో గంజాయి వాడిన తల్లుల పిల్లల్లో ఆటిజం ఎక్కువ కనబడింది. 2024లో కాలిఫోర్నియా లెక్కల్లో అట్లాంటి సంబంధం కనబడలేదు. కాబట్టి దాన్ని ఖాయం చేసి భయపెట్టకూడదు.

నెలలు నిండని కాన్పు విషయం వేరు. అదే ఒంటారియోలో 2012 నుంచి 2017 దాకా 6 లక్షల 60 వేల మందికి పైగా గర్భిణుల రికార్డులు చూశారు. గంజాయి వాడామని చెప్పినవాళ్లలో 12 శాతానికి, మిగతావాళ్లలో 6.1 శాతానికి 37 వారాల లోపే కాన్పు అయింది. ఇక్కడే అన్న అడిగే ప్రశ్న వస్తుంది: వాళ్లు సిగరెట్లు కూడా తాగుతారేమో, పేదవాళ్లేమో? అందుకే పొగాకు, మద్యం, వయసు, ఆదాయం అన్నీ కలిసేట్టు జత చేసి మళ్లీ చూశారు. తేడా సగానికి తగ్గింది, పోలేదు. దాదాపు నూటికి ముగ్గురు అదనం. 2019లో 'జామా' అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది ఇది. అన్న చెప్పిన 2016 సమీక్ష తర్వాత వచ్చిన పెద్ద లెక్క. ఇలాంటి లెక్కలతో కారణం నూరుశాతం రుజువు కాదు. కానీ గర్భిణుల మీద గంజాయి ప్రయోగించి చూసే అధ్యయనం ఎవరూ చేయరు, చేయకూడదు. ఉన్న లెక్కలతోనే నిర్ణయం తీసుకోవాలి.

బీచుపల్లి (గద్వాల):

కోర్టు పనుల్లో ఉంటాను కాబట్టి ఒక మాట. మన దగ్గర మత్తుపదార్థాలను అడ్డుకునే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి తాగడం కూడా నేరమే. ఆ భయంతోనే గర్భిణి గానీ భర్త గానీ డాక్టర్ దగ్గర నోరు విప్పరు. కానీ అలవాటు పడ్డవాడు తనంతట తానుగా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ అదే చట్టంలో ఉంది, 64ఏ. ఇది ఆశ వర్కర్లకు, నర్సులకు తెలియాలి. గర్భిణి నిజం చెప్పిన రోజు తిట్లు పడితే తర్వాతి నెల చెకప్‌కే రాదు. అప్పుడు పోయేది గంజాయి కాదు, ఐరన్ బిళ్లలు, స్కానింగు, బీపీ చూడటం.

కృష్ణ ఒడ్డు (మక్తల్):

పేరు చెప్పను. నేను పూణేలో సెంట్రింగ్ పనికి పోయినప్పుడు అలవాటైంది. నా భార్యకు ఐదో నెల. తను ముట్టదు. కానీ ఆశ అక్క రాసిన రేకుల గది మాదే అనిపించింది. నేను బయట తాగి వస్తే సరిపోతుందా? బిడ్డ పుట్టాక పాల సంగతేంటి?

కోయిల్‌సాగర్ (దేవరకద్ర):

అడిగినందుకు సంతోషం తమ్మీ. ఈ రోజు నుంచే గదిలో తాగడం ఆపు. పొగలో గంజాయితోపాటు కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, బిడ్డకు అందాల్సిన ఆక్సిజన్ తగ్గిస్తుంది. బయట తాగడం సగం పనే, మానడమే కావాలి. ఒక్కడివే మానలేకపోతే 14416కు ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం పడవు. మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈసారి చెకప్‌కు నీ భార్యతో నువ్వూ పో.

పాల సంగతి: తల్లి వాడితే టీహెచ్‌సీ పాలలోకి వస్తుంది. వాడిన ఆరు రోజుల తర్వాత కూడా పాలలో కనబడిందని 2018 అధ్యయనం ఒకటి ఉందని మాకు ట్రైనింగులో డాక్టరమ్మ చెప్పింది. మీ ఇంట్లో ఆమె ముట్టదు కాబట్టి తల్లిపాలు నిశ్చింతగా పట్టించండి. పుట్టిన గంటలోపే పట్టించండి.

పానగల్లు (నల్లగొండ):

ఇవన్నీ చెల్లెలికి చదివి వినిపించాను. ప్యాకెట్ ఆ ఆమెకే తిరిగిచ్చేసింది. నిన్న క్లినిక్‌కు పోయి, గమ్మీల దాకా ఆలోచన పోయిందని కూడా దాచకుండా చెప్పిందట. వాళ్లు తిట్టలేదు. డైక్లెక్టిన్ రాసిచ్చారు, ఒంట్లో నీరు తగ్గిందేమో పరీక్ష చేశారు, ఒకేసారి కాకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినమన్నారు. ఈ రోజు పెరుగన్నం కడుపులో నిలిచింది.

ఒక్క అనుమానం మిగిలింది. చెల్లెలికి ప్యాకెట్ ఇచ్చిన ఆమె కూడా ఇప్పుడు గర్భవతేనట, గర్భం అని తెలియక ముందు నుంచీ తింటోందట. ఆమెకు ఏం చెప్పమంటారు?

ఫార్మసిస్టు (హాలియా):

ఈ రోజు ఆపమనండి, ఆపిన నాటి నుంచీ బిడ్డకు అంత మేలే. ఇదివరకు తిన్నదానికి గర్భం తీయించుకోవాలనో, బిడ్డ ఖాయంగా లోపంతో పుడతాడనో ఎవరైనా అంటే వినొద్దనండి. ఏ లెక్కా అట్లా చెప్పడం లేదు. ఎంత, ఎన్నాళ్లు తిన్నదో తన డాక్టర్‌కు చెప్తే బిడ్డ ఎదుగుదల ఇంకొంచెం దగ్గరగా గమనిస్తారు.

ఎడమకాల్వ (మిర్యాలగూడ):

ఈ జవాబుతో నాకు పేచీ లేదు. నేను అడిగిందీ ఇదే: ఆమెను దోషిలా నిలబెట్టొద్దని. గంజాయే కారణమని పూర్తిగా రుజువైందని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.