గులాబీ రంగు పురుగు: ఊరంతా ఒకేసారి పూనుకోవడం ఎలా?

నల్లరేగడి:
మాది ఆదోని వైపు. ఊళ్లో ఆరువందల ఎకరాల పత్తి ఉంటే నాది నాలుగెకరాలు. నిరుడు ఎకరానికి ఎనిమిది లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) కట్టాను. గుడ్డి పూలు, అంటే లోపల పురుగు అల్లేయడంతో విచ్చుకోని పూలు, కనిపించినవి కనిపించినట్టే ఏరేశాను. అయినా మూడో తీతకు కాయ పగలగొడితే లోపల పురుగే. పక్క చేను మామ ఏప్రిల్ దాకా పత్తి కట్టె పీకలేదు. ఊరి చివర పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు ఒకటి. ఈసారి అందరినీ కలుపుకోవాలనుకుంటున్నాను. ముందు అందరితోనూ బుట్టలు కొనిపించాలా?

పాత విస్తరణాధికారి:
బుట్టలు తర్వాత, ముందు కట్టె సంగతి చూడు బాబూ. ఈ పురుగుకు పత్తే అసలు తిండి. జనవరికల్లా పంట ముగించి, జూన్ దాకా ఊరి పొలాల్లో ఒక్క పచ్చికాయ లేకుండా చేస్తే దాని సంతతి చాలావరకు తెగుతుంది. అది ఒక్క రైతు చేతిలో లేదు. బుట్టలు లెక్క తెలుసుకోవడానికైతే ఎకరానికి రెండు చాలు. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మందు కొట్టే అదను వచ్చినట్టు. మిల్లు చుట్టూ మాత్రం తప్పకుండా కట్టించు. రెండు గింజలను కలిపి అల్లుకుని వాటి మధ్యే నిద్రపోయే పురుగు అది. గింజల కుప్పలోంచే లేస్తుంది.

అమెరికాలో విమానాల్లోంచి సంతానం కలగని రెక్కల పురుగులను వదిలి, బీటీ పత్తి (పురుగును చంపే గుణం మొక్కలోనే ఉండేది) కూడా వేసి, 2018లో పత్తి ప్రాంతాల్లో ఇది లేదని ప్రకటించారు. అక్కడ ఈ పురుగు మీద బీటీ పనిచేస్తూనే వచ్చింది. మన దగ్గర వేసే బీటీ రకం బీజీ-2కి ఇది ఎప్పుడో అలవాటు పడింది.

కౌలుదారు:
చెప్పడం తేలికే సార్. ఫిబ్రవరిలో వచ్చే రెండు క్వింటాళ్లే నాకు మిగిలేది. అవి వదులుకుంటే కౌలు ఎవరు కడతారు?

ఎర్రమట్టి:
ఆయన అడిగింది న్యాయమే. మా ఊళ్లో ముందు కౌలుదార్లతోనే మాట్లాడాం. కట్టె నలిపే యంత్రానికి బాడుగ ఎకరాల లెక్కన పంచుకున్నాం, కౌలుదార్ల వంతు భూమి యజమానులే పెట్టుకున్నారు. ఆఖరి తీత అయ్యాక, మందు పడని చేలల్లోకి మేకల మందలు తోలాం. మిగిలిన కాయలు అవే తిన్నాయి. ముగ్గురు కలిసి రాలేదు. వాళ్ల గట్ల పక్కన పురుగు మళ్లీ కనిపించింది, మిగతా చోట్ల తగ్గింది.

పాత విస్తరణాధికారి:
ఇంకో మాట. కట్టె పీకి ఇంటి దగ్గర పేర్చినా ఒకటే. ఎండు గుల్లల్లో పురుగు బతికే ఉంటుంది.

నల్లరేగడి:
అది చదివి పెరట్లోకి వెళ్లాను. పొయ్యి కోసం అమ్మ పేర్పించిన మోపులు అన్నీ నా చేలోవే. ఒక గుల్ల విప్పితే గింజల మధ్య పురుగు కదిలింది. మామ దగ్గరికి రేపు వెళ్తాను, ముందు ఈ మోపుల సంగతి అమ్మతో తేల్చుకోవాలి.